రాప్టర్ ఇచ్చేసి యుటిలిటీ ఏటీవీ తీసుకోవాలా? 36 సెకన్ల పరీక్ష

మీరు అడిగిన సంగతి ఇది. దేవరకొండ వైపు 14 ఎకరాలు: 8 ఎకరాల బత్తాయి తోట, 4 ఎకరాల పత్తి, బోరు కింద 2 ఎకరాల వరి. చేతిలో ఉన్నది యమహా రాప్టర్ 700ఆర్, అంటే ఉరుకు కోసం చేసిన నాలుగు చక్రాల స్పోర్ట్ బండి (ఏటీవీ). ఆదివారం గుట్టల మీద తిప్పుకోవడానికి కొన్నది. ఇప్పుడు దాన్నే రోజూ తోటకు పోవడానికి, ఎరువు బస్తాలు మోయడానికి, మందు కొట్టడానికి వాడాలని ఉంది. అమ్మేసి పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 లాంటి, పనికి చేసిన యుటిలిటీ ఏటీవీ తీసుకోవాలా, లేక ఉన్నదానికే వెల్డింగ్ షాపులో క్యారియర్, వెనక హుక్కు వేయించుకుంటే నడుస్తుందా?

క్యారియర్, హుక్కు ఆలోచన ముందు మానుకోండి, ఎందుకో కింద చెప్తాను. ఇక మార్చాలా వద్దా అన్నది సీసీలు, హార్స్‌పవర్ చూస్తే తేలదు. రాప్టర్ 686 సీసీ, స్పోర్ట్స్‌మన్ 567 సీసీ. ఉరుకులో మీ బండే ముందుంటుంది. పొలం పని అడిగేది ఉరుకు కాదు గదా. బరువు పెట్టుకుని మనిషి నడిచే వేగంతో గంటసేపు ఆగకుండా పోగలదా, అదొక్కటి చూడాలి.

దీన్ని ఇంట్లో కూర్చుని ఊహించనక్కర్లేదు. తోటలో రెండు సాళ్ల మధ్య టేపు పట్టి 50 మీటర్లు కొలిచి, రెండు చివర్లా కర్రలు పాతండి. గంటకు 5 కిలోమీటర్ల వేగం అంటే ఆ 50 మీటర్లకు 36 సెకన్లు పట్టాలి. రాప్టర్‌ను ఫస్ట్ గేర్‌లో వేసి, క్లచ్ లివర్ పూర్తిగా వదిలేసి, బ్రేకు ముట్టకుండా ఫోన్లో టైమ్ పెట్టుకుని పోయి చూడండి. ఇంజన్ గుంజుకుంటూ, కొట్టుకుంటూ 20 సెకన్లలోనే అవతలి కర్ర చేరిందంటే మీరు 9 కిలోమీటర్ల వేగంతో పోయినట్టు. 36 సెకన్లు పట్టించాలంటే సగం క్లచ్ పట్టుకోక తప్పదు. పొలంలో మీరు చేయబోయే పనుల్లో ఎన్నింటికి ఆ సగం క్లచ్ కావాలో రాసుకోండి. ఆ పనులు వారానికి మూడు నాలుగు గంటలు దాటితే రాప్టర్ ఆ పనికి పనికిరాదు. గంటలోపే అయితే బండి మార్చే ఖర్చు దండగ.

సగం క్లచ్ మీద ఎందుకింత పట్టింపంటే, రాప్టర్ లాంటి వాటిలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. నిమిషం, రెండు నిమిషాలు జారనిస్తే ఏమీ కాదు. అరగంట అట్లాగే నడిపితే ప్లేట్ల మీది పూత కాలి, ఆ నలుసంతా ఇంజన్ తిరిగే ఆయిల్లోనే కలుస్తుంది. ఆయిల్ తీసి చూస్తే నల్లగా, మాడు వాసనతో ఉంటుంది. తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం ఆ మేరకు కదలదు. అప్పటికే ప్లేట్లు అయిపోయినట్టు. ముందు స్ప్రాకెట్‌ను (చైను తిప్పే పళ్ల చక్రం) 14 పళ్లది తీసి 13 పళ్లది వేస్తే పని నడుస్తుందని కొందరు చెప్తారు. దానితో తగ్గేది సుమారు 7 శాతం. 9 కిలోమీటర్లు 8.4 అవుతుంది, అంతే. 5 కాదు.

ఇంకోటి వేడి. స్పోర్ట్ బండి రేడియేటర్ ఎదురుగాలిని నమ్ముకుని పెట్టినది. నడక వేగంలో ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ ఒక్కటే దిక్కు. నల్లగొండ ఏప్రిల్ ఎండలో ఆ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. తక్కువ ఆర్‌పీఎం దగ్గర కరెంటు పుట్టేది అంతంత మాత్రమే. ఆ కాస్త కరెంటునే ఫ్యానూ, లైటూ, మందు పంపూ పంచుకుంటే బ్యాటరీ దిగుతుంది. రాప్టర్‌కు కిక్ లేదన్నది గుర్తుంచుకోండి. తోట మధ్యలో బ్యాటరీ దిగితే ఇంకో బండి వచ్చేదాకా ఎదురుచూడాలి.

ఇప్పుడు క్యారియర్, హుక్కు సంగతి. స్పోర్ట్ ఏటీవీ మాన్యువల్లోనే సామాను పెట్టొద్దు, ఏదీ లాగొద్దు అని రాసి ఉంటుంది. అది కంపెనీ తన భయంకొద్దీ రాసిన మాట అనుకోవద్దు. వెనక సీటు కింది ఫ్రేము మనిషి బరువుకు చేసింది. అక్కడ పైపు వెల్డ్ చేసి 50 కిలోలు పెడితే వెల్డ్ పక్కనే, వేడికి మెత్తబడిన చోట, సన్నటి చీలిక మొదలవుతుంది. గుట్టల మీద ఎగిరి దిగిన ప్రతిసారీ అది పెరుగుతుంది. వెనక బరువు పెరిగితే ముందు చక్రాలు తేలికై, హ్యాండిల్ తిప్పినా బండి నేరుగానే పోతుంది. పైగా ఒకే పొడుగు యాక్సిల్, దాని మీద స్ప్రాకెట్, డిస్క్. యాక్సిల్ దగ్గర నేలకు ఉన్న ఎడం సుమారు 11 సెంటీమీటర్లే. బరువుకు షాకర్ కుంగినా ఆ ఎడం మారదు, ఎందుకంటే అది టైరు ఎత్తును బట్టి ఉంటుంది. వరి మడి ఒడ్డు దాటేటప్పుడు స్ప్రాకెట్ పళ్లే ముందు మట్టిని తవ్వుతాయి. యుటిలిటీ బండికి కింద ఎడం 28 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అదే ఒడ్డును అది ఆగకుండా దాటుతుంది.

అయితే యుటిలిటీ తీసుకున్నంత మాత్రాన ఎంతైనా మోయొచ్చనుకునేరు. స్పోర్ట్స్‌మన్ 570 ముందు ర్యాకు మీద సుమారు 40 కిలోలు, వెనక ర్యాకు మీద సుమారు 80 కిలోలు. మనిషితో కలిపి మొత్తం దాదాపు 220 కిలోలు. ఈ లెక్క ర్యాకు మీద స్టిక్కర్లో ఉంటుంది, మీరు కొనే మోడల్‌కు ఎంతో అక్కడే చదువుకోండి. దీన్ని మన భాషలోకి మార్చుకుందాం. యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు. వెనక ఒకటి పెట్టొచ్చు. రెండు పెడితే 90, అంటే పరిమితి దాటింది. డీఏపీ బస్తా 50 కిలోలు, అది కూడా వెనక ఒక్కటే, ముందు ర్యాకుకు అదీ ఎక్కువే. ఒకేసారి నాలుగు బస్తాలు పోవాలంటే ట్రాలీ కావాలి. అక్కడే యుటిలిటీ అసలు ఉపయోగం బయటపడుతుంది. చదును నేల మీద 550 కిలోల వరకు లాగుతుంది. వాలులో అంత లాగించొద్దు, మూడింట రెండొంతులకు దించుకోండి. లాగేటప్పుడు 15 కిలోమీటర్ల వేగం దాటొద్దు. చిన్న ట్రాలీలకు బ్రేకు ఉండదు. దిగుడులో ట్రాలీ బండిని నెడుతుంది, ఆ తోపు తట్టుకునేది మీ బండి బ్రేకులే. ట్రాలీ బరువులో పదో వంతు హుక్కు మీద ఆనేలా సామాను కొంచెం ముందుకు సర్దాలి. హుక్కు మీద ఆనిన బరువును వెనక ర్యాకు లెక్కలోనే కలపాలి. చాలామంది ఈ కూడిక మరిచిపోతారు.

మందు కొట్టే విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఏటీవీ మార్చాలనుకునే వాళ్లలో చాలామంది దీని కోసమే మారుస్తారు, కొన్నాక నిరాశ పడేదీ ఇక్కడే.

పొలానికి బూమ్‌తో (నాజిళ్లు వరసగా బిగించిన అడ్డ పైపు) కొట్టేటప్పుడు ఎకరాకు ఎన్ని లీటర్లు పడుతున్నాయో తెలుసుకునే లెక్క ఇది: అన్ని నాజిళ్ల నుంచి కలిపి నిమిషానికి వచ్చే లీటర్లను 243తో గుణించండి. వచ్చినదాన్ని, గంటకు కిలోమీటర్లలో వేగాన్ని బూమ్ మీటర్ల వెడల్పుతో గుణించిన అంకెతో భాగించండి. నిమిషానికి 6 లీటర్లు, 3 మీటర్ల బూమ్, 5 కిలోమీటర్ల వేగం అయితే ఎకరాకు 97 లీటర్లు. అదే బూమ్‌తో రాప్టర్ మీద 9 కిలోమీటర్ల వేగంతో పోతే 54 లీటర్లు. అంటే గడ్డి మందు డబ్బా మీద రాసిన మోతాదును ట్యాంకులో సరిగ్గానే కలిపినా చేనులో సగమే పడుతుంది. గడ్డి పసుపు రంగు తిరిగి, పది రోజుల్లో మళ్లీ లేస్తుంది. మందు నకిలీదని దుకాణదారుడితో కొట్లాట. తప్పు వేగానిది.

నాజిల్ లెక్క కోసం నీళ్లతో ఒక నిమిషం నడిపి, ప్రతి నాజిల్ కింద ఒక మగ్గు పెట్టి కొలవండి. ఏ నాజిల్ అయినా మిగతావాటి కన్నా పదో వంతు ఎక్కువ పోస్తే అది అరిగినట్టు, మార్చేయండి.

ఇప్పుడు బత్తాయి. ఆరు మీటర్ల ఎడంలో నాటిన తోటలో ఎకరాకు 112 చెట్లు. కాపు చెట్టుకు 6 లీటర్లు పడుతుందనుకుంటే ఎకరాకు 672 లీటర్లు కావాలి. వెనక ర్యాకు మీద పెట్టే 80 లీటర్ల ట్యాంకు 13 చెట్లకే అయిపోతుంది. నిజానికి 80 లీటర్ల నీళ్లంటేనే 80 కిలోలు. ట్యాంకు, పంపు, బూమ్ బరువు కలిపితే ర్యాకు పరిమితి ఎప్పుడో దాటింది. ఆ ర్యాకు మీద 60 లీటర్లకు మించి పోయొద్దు. పైగా 12 వోల్టుల చిన్న డయాఫ్రమ్ పంపుకు చెట్టు నడినెత్తికి మందు కొట్టేంత ఒత్తిడి రాదు. కాబట్టి ర్యాకు ట్యాంకును సాళ్ల మధ్య గడ్డి మందుకు మాత్రమే ఉంచుకోండి. చెట్ల మీద కొట్టడానికి ట్రాలీ మీద 300 లీటర్ల ట్యాంకు, దానికి సొంత పెట్రోల్ ఇంజన్ ఉన్న హెచ్‌టీపీ పంపు (ఎక్కువ ఒత్తిడితో కొట్టేది), పొడుగు పైపు, గన్ను. నీళ్లు 300, ట్రాలీ 80, పంపు సెట్టు 40 అనుకుంటే 420 కిలోలు. చదునుగా ఉన్న తోటలో ఇది యుటిలిటీ బండికి సరిపోయే బరువు. ఒకసారి నింపితే 50 చెట్లు. 8 ఎకరాలకు 18 సార్లు నింపాలి, కాబట్టి బోరు దగ్గర నింపే పైపు పెద్దది పెట్టుకోకపోతే సగం రోజు నింపడానికే పోతుంది.

ట్రాలీ ట్యాంకు లోపల అడ్డ పలకలు ఉన్నదే కొనండి. సగం ఖాళీ అయిన ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు కొట్టి బండిని గుంజుతాయి.

తోటలో డ్రిప్ ఉంటే మరో సంగతి. 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపు మీంచి బండి నెమ్మదిగా పోతే ఏమీ కాదు, టైర్లో గాలి తక్కువే కాబట్టి ఒత్తిడి చదునుగా పడుతుంది. పైపులను పీకేది గిర్రున తిరిగే టైరు. స్పోర్ట్ బండి వెనక టైరు గడ్డలు క్లచ్ వదలగానే నేలను గీకుతాయి, ఆ గీకుడులో లేటరల్ చుట్టుకుని డ్రిప్పర్లతో సహా ఊడి వస్తుంది. ఏ బండి అయినా, దాటే చోట లేటరల్‌ను అడుగు పొడుగు పాత పీవీసీ ముక్కలోంచి దూర్చి మట్టిలో పూడ్చండి.

పత్తి సంగతికి వస్తే, దానికోసం ఏటీవీ కొనొద్దు. సాలుకూ సాలుకూ 90 సెంటీమీటర్లు, బండి వెడల్పు సుమారు 122. సాలు మధ్యలో పట్టదు. మొక్కల మీంచి నడిపితే కింద ఎడం 28 సెంటీమీటర్లే, నెల దాటిన మొక్క విరుగుతుంది. గుంటుక తోలే పని కూడా కాదు. దీనికి పీటీఓ (పనిముట్లను తిప్పే షాఫ్టు) లేదు, హైడ్రాలిక్ లిఫ్ట్ లేదు. చెలక నేలలో తేలికపాటి గొర్రు లాగితే లాగుతుంది, రేగడిలో అదీ లాగదు. మీ అవసరంలో సగం దున్నడమైతే ఈ డబ్బుకు 15, 20 హార్స్‌పవర్ల చిన్న ట్రాక్టర్ చూసుకోవడమే తెలివి. వరి మడిలోకి అయితే, కరిగెట చేశాక ఏ ఏటీవీ అయినా దిగొద్దు. ఒడ్ల మీద తిరిగి నీళ్లు చూసుకోవడానికి, నారు కట్టలు చేరవేయడానికి మటుకు యుటిలిటీ బాగుంటుంది.

అంటే మీ 14 ఎకరాల్లో ఈ మార్పు నిజంగా పనికొచ్చేది 8 ఎకరాల బత్తాయికి. కోత రోజుల్లో క్రేటుకు 20 కిలోల చొప్పున ట్రాలీలో 12 క్రేట్లు సాలు లోపలి నుంచి బాట దాకా తేవచ్చు, ఆ పనికి పెద్ద ట్రాక్టర్ ట్రాలీ కొమ్మల కింద దూరదు. నా లెక్కలో ఇదొక్కటే మీకు బండి మార్చడానికి తగిన కారణం. బత్తాయి లేకుండా పత్తి, వరి మాత్రమే ఉండి ఉంటే వద్దనే చెప్పేవాణ్ని.

ఏం పోగొట్టుకుంటారో కూడా తెలుసుకోండి. రాప్టర్ ఆయిల్, పెట్రోల్ కలిపి సుమారు 190 కిలోలు. స్పోర్ట్స్‌మన్ 570 పెట్రోల్ పోయకముందే సుమారు 320. షాకర్ల కదలికలో తేడా మీరనుకున్నంత లేదు: రాప్టర్‌కు ముందు 23, వెనక 25 సెంటీమీటర్ల పైచిలుకు. స్పోర్ట్స్‌మన్‌కు ముందు 21, వెనక 24 దగ్గర. తేడా అంతా బరువులో, ఎత్తులో ఉంది. గుట్ట దిగుతూ వెనక చక్రాలను జార్చి మలుపు తిప్పే అలవాటు యుటిలిటీ మీద పనిచేయదు. అది జారదు, ఒరుగుతుంది. కొత్త బండి మీద మొదట్లో ఈ పాత అలవాటే బోల్తా కొట్టిస్తుంది. థ్రాటిల్ నొక్కగానే ఎగిరి పడదు, గేర్లకు బదులు ఉండే బెల్టు పట్టుకునేదాకా క్షణం ఆలస్యం. ఫోర్ వీల్ వేస్తే హ్యాండిల్ బరువెక్కుతుంది. ఆదివారం సరదాయే ముఖ్యమైతే ఈ మార్పు మిమ్మల్ని నెల తిరిగేసరికి విసిగిస్తుంది. అప్పుడు రాప్టర్‌ను ఉంచుకుని, కోత రోజులకు చిన్న ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకోండి.

బోల్తా మాట వచ్చింది కాబట్టి. వాలులో అడ్డంగా నడపొద్దు, ఎక్కితే నేరుగా ఎక్కాలి, దిగితే నేరుగా దిగాలి. నాలుగడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎక్కే వాలు దాదాపు 15 డిగ్రీలు. ర్యాకు మీద బరువు ఉన్నప్పుడు అదే మీ హద్దు అనుకోండి. వెనక ర్యాకు మీద మనిషిని కూర్చోబెట్టడం మన దగ్గర మామూలే, జీతగాడో, పిల్లలో ఎక్కి కూర్చుంటారు. ఒక సీటు బండిలో మనిషి వెనక యాక్సిల్ దాటి కూర్చుంటే ఎత్తు ఎక్కేటప్పుడు బండి ముందు లేచి వెనక్కి పడుతుంది, 320 కిలోలు ఇద్దరి మీదా. ఇద్దరు పోవడం తప్పదంటే రెండు సీట్ల మోడల్ కొనండి, లేదా పక్కపక్కన కూర్చునే రకం చూడండి. ఆరు మీటర్ల సాళ్లలో అది కూడా దూరుతుంది. ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుంచి కొత్తగా అమ్మే పొలం పని క్వాడ్ బైకులకు, బోల్తా పడితే మనిషి నలగకుండా ఆపే కమ్మీ తప్పనిసరి చేశారు. మన దగ్గర ఎవరూ అడగరు గానీ, వెనక అట్లాంటి కమ్మీ బిగించుకుంటే పోయేదేం లేదు. హెల్మెట్ సంగతి వేరే చెప్పాలా.

యుటిలిటీ బండి గురించి తెలుసుకోవాల్సిన ఒకే ఒక్క భాగం ఏదంటే బెల్టు. గేర్లకు బదులు రెండు పుల్లీల మధ్య రబ్బరు బెల్టు తిరుగుతుంది. లివర్ మీద హెచ్ (వేగంగా పోవడానికి), ఎల్ (నెమ్మదిగా, బరువుతో పోవడానికి) ఉంటాయి. గంటకు 11 కిలోమీటర్ల లోపు నడిపినా, బరువు లాగినా, ఒడ్డు ఎక్కినా ఎల్‌లోనే ఉండాలి. మందు కొట్టే పని మొత్తం ఎల్. హెచ్‌లో నడక వేగంతో లాగితే పుల్లీ బెల్టును పూర్తిగా పట్టదు, జారుతూ ఉంటుంది. జారితే వేడి, వేడికి రబ్బరు గాజులా నున్నబడుతుంది, ఆ నునుపుకు ఇంకా జారుతుంది. మాడిన రబ్బరు వాసన వచ్చిందంటే ఆపి, న్యూట్రల్‌లో పెట్టి కాసేపు ఇంజన్ నడిపి చల్లారనివ్వండి. రేగడి బురదలో ఇరుక్కున్నప్పుడు బండి కదలకపోయినా థ్రాటిల్ నొక్కుతూ ఉంటే బెల్టు ఒకేచోట అరిగి అక్కడ సన్నబడుతుంది. ఆ తర్వాత ప్రతి చుట్టుకూ టక్, టక్ మని కొడుతుంది. అట్లాంటి బెల్టు బాగుపడదు, మార్చాల్సిందే. కొత్త బెల్టు వేశాక మొదటి 50 కిలోమీటర్లు సగం థ్రాటిల్ దాటకుండా, ఏదీ లాగకుండా నడపాలి. స్పేర్ బెల్టు ఒకటి, పుల్లీ తెరిచే పనిముట్టు ఒకటి బండితోపాటే కొనండి.

కాల్వ దాటేటప్పుడు నీళ్లు కాళ్లు పెట్టే పలక దాకా వస్తే అదే హద్దు. బెల్టు పెట్టెలోకి నీళ్లు పోతే బండి అరుస్తుంది, కదలదు. కింద బిరడా తీసి నీళ్లు వదిలి, న్యూట్రల్‌లో ఇంజన్ లేపుతూ దించుతూ ఆరబెట్టాలి. ఫోర్ వీల్ మీట ఎప్పుడు వేయాలి అంటే, ఇరుక్కోకముందు. వెనక టైర్లు గిర్రున తిరుగుతుండగా మీట వేస్తే ముందు చక్రాలకు ఒక్కసారిగా పట్టు వచ్చి షాఫ్టు, గేర్ కేసు దెబ్బతింటాయి.

మన నేలకు సంబంధించినవి కొన్ని. సర్కారు తుమ్మ ముళ్లు స్పోర్ట్ బండి పలచటి టైర్లను వారానికోసారి దింపుతాయి. యుటిలిటీకి 25 అంగుళాల ఆరు ప్లై టైర్లు వేయించండి, లోపల సీలెంట్ పోయించండి, ప్లగ్ కిట్టూ చిన్న పంపూ సీటు కింద ఉంచండి. గాలి 5 నుంచి 7 పీఎస్‌ఐ మధ్య, స్టిక్కర్లో ఉన్నట్టు. పెట్రోల్ బంకు గేజీ ఇంత తక్కువ ఒత్తిడిని సరిగ్గా చూపదు, తక్కువ పీఎస్‌ఐ గేజీ వేరే కొనాలి. బురద కోసమని 27 అంగుళాల పెద్ద టైర్లు వేయిస్తే గేరింగ్ పొడుగై భారమంతా బెల్టు మీద పడుతుంది, వద్దు. అదే తుమ్మ ముల్లు యాక్సిల్ చివరి రబ్బరు బూటులో దిగితే గ్రీజు కారి, చెలక దుమ్ము లోపలికి పోయి, జాయింటు నెలలోనే కటకటలాడుతుంది. తోటలోంచి రాగానే నాలుగు చక్రాల దగ్గరా బూట్లన్నీ వేలితో తడిమి చూసుకోవడం అలవాటు చేసుకోండి. రాప్టర్‌లో ఈ బాధ లేదు, దానికి వెనక చైనూ స్ప్రాకెట్టూ దుమ్ముకు అరుగుతాయి.

ఎయిర్ ఫిల్టర్ కడగడం అందరూ చేస్తారు, అది దుమ్మును ఆపుతోందో లేదో ఎవరూ చూడరు. ఫిల్టర్ దాటాక ఇంజన్‌కు పోయే పైపు లోపల వేలితో గ్రీజు పలచగా పూయండి. వారం తర్వాత ఆ గ్రీజు మీద ఎర్ర దుమ్ము కనిపిస్తే ఫిల్టర్ అంచు సరిగ్గా కూర్చోలేదని అర్థం. రేడియేటర్‌కు పత్తి దూది, వరి పొట్టు పడతాయి. ఇంజన్ వైపు నుంచి ముందుకు, మామూలు పైపు నీళ్లతో కడగండి. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ పెడితే సన్నటి రేకులు వంగిపోయి గాలే ఆడదు.

మందు పంపు వైరు లైటు వైరుకు కలపొద్దు. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, మొదట్లోనే 15 ఆంపియర్ల ఫ్యూజు, తాళం వేస్తేనే కరెంటు వచ్చేలా రిలే. స్పోర్ట్స్‌మన్ బ్యాటరీ 30 ఆంపియర్ అవర్ దాకా ఉంటుంది కాబట్టి పంపు దానికి లెక్కలోది కాదు. విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) వాడేటప్పుడు మాత్రం ఇంజన్ నడుస్తూనే ఉండాలి.

రోడ్డు విషయంలో రాప్టర్‌కూ యుటిలిటీకీ తేడా లేదు: మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి బహిరంగ స్థలంలో తిరగకూడదు. జనం రాకపోకలు సాగించే పంచాయతీ బాట కూడా ఆ లెక్కలోకే వస్తుంది, సాగర్ రోడ్డు ఒక్కటే కాదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ రాదు. స్పోర్ట్స్‌మన్ 570ని మన దేశంలో ట్రాక్టర్ తరగతిలో కూడా అమ్మారు, దానికి రిజిస్ట్రేషన్ అవుతుంది. ఊరికీ బాయి కాడికీ మధ్య రోడ్డు ఉంటే ఆ రకాన్నే వెతకండి, పాతది కొంటే ఆర్‌సీ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. మామూలుది అయితే చిన్న ట్రాలీ ఆటోలో తీసుకుపోవాల్సిందే. టాటా ఏస్ వెనక తొట్టి ఏడడుగుల పైన కొంచెం, స్పోర్ట్స్‌మన్ పొడుగు ఏడడుగులకు ఒక అంగుళం తక్కువ. పడుతుంది, కానీ వెనక తలుపు వేసేముందు నాలుగు మూలలా పట్టీలు బిగించాలి. ఇక డిండి దాటి నల్లమల వైపు, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలికి బండి తిప్పే ఆలోచన ఉంటే ఆపేయండి. అనుమతి లేకుండా వెళ్తే వన్యప్రాణి చట్టం కింద బండి పోతుంది, కేసు మిగులుతుంది.

పాత యుటిలిటీ చూడబోతే మీటర్లో కిలోమీటర్లు ఒక్కటే చూడొద్దు, గంటల లెక్క కూడా చూడండి. 3,000 కిలోమీటర్లు, 500 గంటలు ఉంటే సగటు వేగం 6 కిలోమీటర్లు, అంటే ఎవరి పొలంలోనో బరువులు లాగింది. అది తప్పు కాదు, కానీ బెల్టు పెట్టె మూత విప్పించి బెల్టు పక్కలు చూడాలి. ముందు చక్రాన్ని లేపి పైన, కింద పట్టుకుని ఊపితే ఆడకూడదు, ఆడితే బాల్ జాయింటో బేరింగో పోయింది. ముందు, వెనక గేర్ కేసుల నుంచి రెండు చుక్కల ఆయిల్ తీయించండి. పాల రంగులో ఉంటే నీళ్లు పోయాయి. ర్యాకు కాళ్ల దగ్గర, హుక్కు ప్లేటు దగ్గర కొత్త పెయింటు కనిపిస్తే గోటితో గీకి చూడండి, కింద వెల్డింగ్ దాగి ఉండొచ్చు.

పెట్రోల్ గురించి ఒక్క మాట. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఈ బండ్ల మాన్యువళ్లు ఎక్కువగా 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలో తేమను గుంజుకుంటుంది కాబట్టి వానాకాలంలో బండి నెలకు పైగా నిలిపేస్తే ట్యాంకు సగంలో వదలకండి. నింపైనా ఉంచండి, ఖాళీ అయినా చేయండి. మీ రాప్టర్ అమ్మే ముందు ఇదే పని చేసి, కొత్త పెట్రోల్ పోసి, చైను బిగించి, ఆయిల్ మార్చి చూపించండి. చల్లగా ఉన్న ఇంజన్ మొదటి స్టార్టుకే అందుకుంటే కొనేవాడు బేరం పెద్దగా తగ్గించడు.